రెండు సీట్లు చాలనప్పుడు

మజ్దా ఎంఎక్స్-5 కారు డిక్కీలో పట్టేది 130 లీటర్లు. అమెరికాలో మియాటా అని పిలిచే ఈ ఓపెన్ టాప్ కారుకి సీట్లు రెండే. హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు డాలస్ విమానాశ్రయంలో దిగితే వాళ్ల వెంట సాధారణంగా 23 కిలోల సూట్‌కేసులు నాలుగు ఉంటాయి. అందులో ఒకటి పూర్తిగా ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, సున్నుండలదే. పెద్దవాళ్లిద్దరు, పెట్టెలు నాలుగు, నడిపే కొడుకో కూతురో. ఎన్ని రకాలుగా సర్దినా ఇదంతా ఆ కారులో పట్టదు. స్పోర్ట్స్ కారు ఉంచుకోవాలా, ఇచ్చేసి ఇంటికి పనికొచ్చేది తెచ్చుకోవాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఇలాంటి రోజునే మొదలవుతుంది. కొన్ని ఇళ్లలో ఇంకా ముందే, ఆస్పత్రి నుంచి పసిబిడ్డను తెచ్చుకోవలసిన రోజున.

దీన్ని మనసుకీ బుద్ధికీ మధ్య తగవులా చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆ లెక్కన కారు ఉంచుకున్నవాడు బాధ్యత లేనివాడు, అమ్మేసినవాడు సరదా చంపుకున్నవాడు. రెండూ అన్యాయమైన తీర్పులే. ఎన్ని సీట్లు కావాలన్నది లెక్క, అందులో మనసు చేసే పనేమీ లేదు. ఆ కారులో ఇంతకాలం నచ్చింది ఏమిటన్నది అసలు చిక్కు, చాలామంది దానికి తప్పు జవాబు చెప్పుకుని తప్పు బండి కొంటారు. అమ్మేశాక అలాంటిది మళ్లీ దొరుకుతుందా అని మాత్రం సంతకం పెట్టేదాకా ఎవరికీ తట్టదు.

ఇంటివాళ్ల కన్నా ముందు ఈ ప్రశ్న కార్ల కంపెనీలకే ఎదురైంది. ఫోర్డ్ 1955 మోడల్‌గా థండర్‌బర్డ్‌ను తెచ్చినప్పుడు దానికి రెండే సీట్లు. 1957 మోడల్ కార్లు 21 వేల పైచిలుకు తయారయ్యాయి. అప్పట్లో ఫోర్డ్‌లో పెద్ద పదవిలో ఉండి, తర్వాత అమెరికా రక్షణ మంత్రి అయిన రాబర్ట్ మెక్‌నమారా నాలుగు సీట్లు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. 1958లో అమెరికాను మాంద్యం పట్టి కుదిపింది. అయినా ఆ ఏడాది నాలుగు సీట్ల థండర్‌బర్డ్‌లు దాదాపు 38 వేలు తయారయ్యాయి. చిన్న కారును ప్రేమించినవాళ్లు నొచ్చుకున్నారు, షోరూములు నిండాయి. ఆరేళ్ల తర్వాత, 1964 ఏప్రిల్‌లో, అదే కంపెనీ న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మస్టాంగ్‌ను చూపించింది. కింద ఉన్నవి ఫాల్కన్ అనే మామూలు ఇంటి కారు భాగాలు. పైన పొడవాటి బానెట్, పొట్టి వెనక భాగం, లోపల నాలుగు సీట్లు, ధర 2,368 డాలర్ల నుంచి. మొదటి ఏడాదిలోనే అమ్మకాలు నాలుగు లక్షలు దాటాయి. జపాన్ కంపెనీ నిస్సాన్ కూడా డాట్సన్ పేరుతో అమ్మిన జెడ్ కారుకి 1974లో వెనక రెండు చిన్న సీట్లున్న రకం కలిపింది. పెళ్లయి పిల్లలు పుట్టిన కొనుగోలుదారు చెయ్యి జారిపోకుండా పట్టుకోవడానికి కంపెనీలు చేసిన ప్రయత్నాలివి.

అందరికన్నా పెద్ద మలుపు తిరిగింది మాత్రం పోర్షే. ఆ కంపెనీ స్పోర్ట్స్ కారు 911కి మొదటి నుంచీ వెనక రెండు బుల్లి సీట్లున్నాయి. ఎదిగిన మనిషి అరగంట కూర్చోలేడు కానీ బడికెళ్లే పిల్లలు ఇద్దరు సర్దుకుంటారు. 2002లో పోర్షే, ఫోక్స్‌వ్యాగన్‌తో కలిసి తయారుచేసిన కయెన్‌ను తెచ్చింది. ఎత్తు బండి, ఐదు సీట్లు. స్పోర్ట్స్ కార్ల కంపెనీ ఇంత బరువైన బండి చేయడమేమిటని అభిమానులు బాధపడ్డారు. ఇరవై ఏళ్లు గడిచేసరికి లెక్క ఎలా ఉందంటే, 2023లో పోర్షే ప్రపంచమంతటా అందించిన కార్లు సుమారు 3.2 లక్షలు. వాటిలో కయెన్, మకాన్ అనే రెండు ఎత్తు బండ్లే దాదాపు 1.75 లక్షలు. 911లు 50 వేలు. కయెన్ తర్వాత లంబోర్ఘినీ ఉరుస్‌తో, 2022లో ఫెరారీ నాలుగు తలుపుల పురోసాంగ్వేతో అదే దారి పట్టాయి.

ఈ చరిత్రలో ఒక విషయం గమనించాలి. పోర్షే నుంచి ఫెరారీ దాకా ఈ కంపెనీలు స్పోర్ట్స్ కారును ఇంటికి పనికొచ్చేలా మార్చలేదు. ఇంటి బండికి స్పోర్ట్స్ కారు బ్యాడ్జీ తగిలించాయి. స్టీరింగ్ మధ్యలో ఉన్న గుర్తు ఒకటే అయినంత మాత్రాన చేతికి తగిలే అనుభవం ఒకటి కాదు. 911 అమ్మి కయెన్ కొన్నవాళ్లకు దొరికింది మంచి బండే, సందేహం లేదు. అమ్ముకున్నదానికి అది బదులు అనుకుంటేనే నిరాశ.

ముందు సీట్ల సంగతి. ఇందులో వాదనకు చోటు లేదు. అమెరికాలో 1998 మోడల్ నుంచి ప్రతి ప్యాసింజర్ కారుకీ ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. పసిబిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెట్టే కార్ సీటును, పనిచేసే ఎయిర్‌బ్యాగు ముందు ఎప్పుడూ పెట్టకూడదు. అది విచ్చుకునే వేగానికి కార్ సీటు వెనక్కి కొట్టుకుని బిడ్డ తలకు దెబ్బ తగులుతుంది. పదమూడేళ్లలోపు పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ చెబుతుంది. వెనక సీటే లేని కారులో ఆ మాట ఎలా పాటించాలి? ఎయిర్‌బ్యాగును ఆపే ఏర్పాటున్న రెండు సీట్ల కార్లున్నాయి. ఎప్పుడో ఒకసారి పక్క వీధిదాకా తీసుకెళ్లడానికి అది సరిపోతుందేమో. రోజూ డేకేర్‌కి తీసుకెళ్లే కారుగా అది పనికిరాదు. పైగా బిడ్డ కూర్చుంటే తల్లిదండ్రుల్లో ఒక్కరికే చోటు.

మన దేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకపోతే 1,000 రూపాయల జరిమానా పెట్టింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో ప్రయాణించే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ అలవాటు ఉన్న ఇంట్లో రెండు సీట్ల కారు ఉంటే అది ఇంకా ప్రమాదం.

కాబట్టి ఇంట్లో ఒకే కారు ఉండి, బిడ్డ వస్తూ ఉంటే, రెండు సీట్లది పోవలసిందే. వెనక బుల్లి సీట్లున్న టొయోటా జీఆర్86 లాంటి కార్ల విషయం వేరు. వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పట్టేలా ఆ కారును తీర్చారు. కానీ వెనక్కి తిప్పిన కార్ సీటు బిగించాలంటే ముందు సీటును డ్యాష్‌బోర్డు దాకా జరపాలి, అప్పుడు అక్కడ పొడుగు మనిషి కూర్చోలేడు. కాగితం మీద కొలతలు చూసి తేల్చుకునేది కాదిది. షోరూముకి వెళ్లేటప్పుడు కార్ సీటునే వెంట తీసుకెళ్లి, బిగించి, ముందు ఇద్దరూ కూర్చుని చూడాలి. పది నిమిషాల పని, ఐదేళ్ల అవస్థ తప్పుతుంది.

ఇక అసలు చిక్కు. స్పోర్ట్స్ కారులో నచ్చినదేమిటని అడిగితే ఎక్కువమంది చెప్పే మాట వేగం. ఆ మాట నమ్ముకుని, అమ్మేశాక పెద్ద ఇంజినున్న ఎత్తు బండి కొంటారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఏదో వెలితి.

మియాటా కథే దీనికి మంచి సాక్ష్యం. 1970ల చివర్లో అమెరికన్ మోటారు విలేకరి బాబ్ హాల్, మజ్దా పరిశోధన విభాగాన్ని నడిపే కెనిచి యమమోతోకి ఒక సలహా ఇచ్చాడు. ఎంజీ, ట్రయంఫ్, లోటస్ లాంటి బ్రిటిష్ కంపెనీలు చేసిన తేలికపాటి రెండు సీట్ల కార్లు కనుమరుగవుతున్నాయి, అలాంటిది చెడిపోకుండా నడిచేలా మీరెందుకు చేయకూడదని. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో ఆ కారు బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్, బరువు టన్నులోపు. నిలుచున్నచోటు నుంచి గంటకు 96 కిలోమీటర్లు అందుకోవడానికి తొమ్మిది సెకన్ల దరిదాపుల్లో పట్టేది. ఆ రోజుల్లో కూడా అదేమంత వేగం కాదు. అయినా 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు ఫ్యాక్టరీ దాటింది, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోనే ఎక్కువ అమ్ముడైనదిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడూ చెప్పే మాట జింబా ఇత్తాయ్. గుర్రం, రౌతు ఒకే ప్రాణంగా కదలడమని ఆ జపనీస్ మాటకు అర్థం.

ఇప్పుడు ఇంటి బండ్ల వేగం చూడండి. టెస్లా మోడల్ వై పెర్ఫార్మెన్స్ అదే 96 కిలోమీటర్ల వేగాన్ని సుమారు మూడున్నర సెకన్లలో అందుకుంటుంది. హ్యుందాయ్ అయోనిక్ 5 ఎన్ అనే విద్యుత్ కారు వంద కిలోమీటర్లను 3.4 సెకన్లలో అందుకుంటుంది. ఐదుగురు కూర్చోవచ్చు, సామాను పెట్టుకోవచ్చు. వేగమే కావలసిందైతే ఈ ప్రశ్న ఎప్పుడో తీరిపోయినట్టే. కానీ ఆ అయోనిక్‌లోనే హ్యుందాయ్ ఇంజినీర్లు ఇంకో పని చేశారు. గేర్లే లేని కారులో గేరు మారినప్పటి కుదుపును కల్పించారు, స్పీకర్లలోంచి ఇంజిను శబ్దం వినిపించారు. కొనేవాళ్లకి కావలసింది కేవలం వేగమే అయితే ఆ శ్రమ ఎవరూ పడరు. బండి చేతికి, నడుముకి, చెవికి బదులు చెబుతుండాలన్న కోరికను వాళ్లు గుర్తించారు.

ఆ బదులు ఎక్కువగా బరువు లేకపోవడం వల్ల వస్తుంది. ఇప్పుడు వస్తున్న మియాటా సుమారు 1,060 కిలోలు. అయోనిక్ 5 ఎన్ దాదాపు 2,200 కిలోలు. మలుపులో బండిని తిప్పాల్సింది, ఆపాల్సింది అరచేతి వెడల్పున నేలను పట్టుకునే నాలుగు టైర్లే. బరువు రెట్టింపైతే ఆ టైర్ల మీద పని రెట్టింపవుతుంది. దాన్ని సర్దడానికి టైర్లు వెడల్పు చేస్తారు, బ్రేకులు పెంచుతారు, స్ప్రింగులు బిగిస్తారు. బండి వేగంగానే మలుపు తిరుగుతుంది కానీ ఆ పని యంత్రం తనకు తానే చేసుకున్నట్టుంటుంది. ఎత్తు పెరిగితే మలుపులో ఒరుగు కూడా పెరుగుతుంది. మియాటాలో నడిపేవాడు వెనక చక్రాలకు కాస్త ముందు, నేలకు జానెడెత్తున కూర్చుంటాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలోనే కారు ఎప్పుడు తిరగడం మొదలుపెట్టిందో ఒంటికి తెలుస్తుంది. లైసెన్సు పోగొట్టుకోనక్కర్లేని వేగంలో దొరికే ఆనందం అది. అందుకే దాన్ని పోగొట్టుకోవడం బాధగా ఉంటుంది.

ఇది అర్థమైనవాళ్లకి వెళ్లవలసిన దారి కూడా కనిపిస్తుంది. 1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అమ్మడం మొదలుపెట్టింది. మామూలు చిన్న ఇంటి కారు, దానికి 1.6 లీటర్ల 110 హార్స్‌పవర్ ఇంజిను, బరువు 800 కిలోల చిల్లర. ఐదువేలు అమ్ముడైతే చాలనుకున్నారు. మొదటి తరం ముగిసేసరికి 4.6 లక్షలకు పైగా తయారయ్యాయి. వెనక తలుపు ఎత్తితే సామాను, సీట్లు మడిస్తే ఫ్రిజ్ పట్టేంత చోటు, ఘాట్ రోడ్డెక్కితే హుషారు. స్పోర్ట్స్ కారు ఇచ్చేసి ఏం కొనాలన్న ప్రశ్నకు యాభై ఏళ్లుగా ఇంతకన్నా మంచి జవాబు రాలేదు. ఇంకా చోటు కావాలన్నవాళ్లకి 1994లో ఆడీ, పోర్షే సాయంతో చేసిన ఆర్ఎస్2 అవాంట్ అనే వేగమైన స్టేషన్ వ్యాగన్ దారి చూపింది. ఆ ఏడాదే వోల్వో తన 850 ఎస్టేట్‌ను, అంటే నిండైన సామాన్ల బండినే, బ్రిటిష్ టూరింగ్ కార్ల రేసుల్లో దింపింది. అమెరికాలో ఈ రోజు హోండా సివిక్ ఎస్ఐ చూడదగింది. నాలుగు తలుపులు, 200 హార్స్‌పవర్, దాదాపు 1,340 కిలోలు, 400 లీటర్లు దాటిన డిక్కీ, క్లచ్ తొక్కి గేరు వేసే ఏర్పాటు తప్ప వేరే రకమే లేదు. మియాటా అమ్మినవాళ్లకి ఆరు సిలిండర్ల ఎత్తు బండి కన్నా ఇది ఎంతో దగ్గరి చుట్టం.

డబ్బు సంగతికొస్తే, పెట్రోలు ఆదా అవుతుందన్న వాదన ఎక్కువసేపు నిలవదు. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం మియాటా గాలన్‌కి సగటున 29 మైళ్లు ఇస్తుంది. ఇంటి బండ్లలో బాగా అమ్ముడైన టొయోటా ఆర్ఏవీ4 పెట్రోలు రకం 30 ఇచ్చేది. హైబ్రిడ్‌కి వెళితేనే 40 దాకా పెరిగి తేడా తెలుస్తుంది. చలి ఊళ్లలో టైర్ల ఖర్చు కలుపుకోవాలి. స్పోర్ట్స్ కార్లతో వచ్చే వేసవి టైర్ల రబ్బరు 7 డిగ్రీల కింద గట్టిపడి పట్టు కోల్పోతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవారికి ఇంకో సెట్టు తప్పదు, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండేవారికి అంత అవసరం రాదు.

పాత కారును డీలర్‌కే ఇచ్చి కొత్తది తీసుకోవాలా, బయట అమ్ముకోవాలా అన్నదానికి మాత్రం కచ్చితమైన లెక్క ఉంది. టెక్సస్‌లో కారు అమ్మకపు పన్ను 6.25 శాతం, ట్రేడ్ ఇన్ ఇస్తే ఆ విలువ తీసేసి మిగతాదానికే పన్ను. 35,000 డాలర్ల కారు కొంటూ 15,000 డాలర్లకు పాతది ఇచ్చారనుకుందాం. 20,000 మీద పన్ను 1,250 డాలర్లు. బయట అమ్ముకుంటే మొత్తం 35,000 మీద 2,187 డాలర్లు కట్టాలి. అంటే బయటివాళ్లు 15,937 డాలర్లు దాటి ఇస్తేనే ఆ తిప్పలకు ఫలితం. న్యూజెర్సీలో కూడా ఇదే పద్ధతి, పన్ను 6.625 శాతం. కాలిఫోర్నియాలో ఈ మినహాయింపు లేదు కాబట్టి అక్కడ ఎవరు ఎక్కువిస్తే వాళ్లకి ఇవ్వడమే. ఓపెన్ టాప్ కారును డిసెంబరులో బేరానికి పెట్టకుండా వసంతం దాకా ఆగడం కూడా డబ్బే.

అమెరికా నుంచి ఇంటికి తిరిగొచ్చే తెలుగువారికి ఈ విషయంలో ఎంపికే ఉండదు. మన దేశంలోకి తెచ్చుకునే వాడిన కారుకి స్టీరింగ్ కుడివైపు ఉండాలి, వయసు మూడేళ్లు దాటకూడదు. అమెరికా కారుకి స్టీరింగ్ ఎడమవైపు. ఎంత ప్రేమగా చూసుకున్నా అక్కడే అమ్మేసి రావలసిందే.

వచ్చాక హైదరాబాద్‌లో ఎదురయ్యే లెక్క వేరు. పూర్తిగా తయారై దిగుమతయ్యే కార్ల మీద సుంకాలు, ఆపైన జీఎస్టీ, రోడ్డు పన్ను. గోల్ఫ్ జీటీఐ 2025లో మన దేశానికి వచ్చినప్పుడు షోరూము ధర 53 లక్షల రూపాయలు, అప్పట్లో అమెరికాలో అదే కారు 33 వేల డాలర్ల చుట్టుపక్కల మొదలయ్యేది. బీమా లెక్కలో కారు విలువ రెండో ఏడు నిండేసరికి 20 శాతం, ఐదో ఏడు నిండేసరికి సగం తగ్గిస్తారు. అంత పెట్టి కొన్నదాని విలువ అంత త్వరగా కరిగిపోతుంటే ఉంచుకోవడమూ కష్టమే, అమ్మడమూ కష్టమే. రోడ్ల సంగతి చూస్తే, భారత రోడ్డు కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అలా కడితే తక్కువ ఎత్తున్న కారు కూడా మెల్లగా దాటుతుంది. కాలనీల్లో ఎవరికివారు పోసుకున్న సిమెంటు గట్లు ఆ కొలతలకు లోబడవు. 911కి ముందు భాగాన్ని 40 మిల్లీమీటర్లు పైకి లేపే ఏర్పాటు అదనపు ధరకు దొరుకుతుంది. ఆ ధర పెట్టలేనివాళ్లు ప్రతి గట్టునూ ఏటవాలుగా దాటుతూ, కింద గీసుకున్న చప్పుడు విని గుండె పట్టుకోవాలి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చదునుగానే ఉంది, కానీ అక్కడి పరిమితి గంటకు 120. ఆ వేగాన్ని మామూలు ఇంటి కారు కూడా అవలీలగా అందుకుంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తేలికదనమే కావలసిందైతే అది మన ఊళ్లో ఖరీదైన వస్తువు కాదు. కొత్త మారుతీ స్విఫ్ట్ బరువు సుమారు 920 కిలోలు, మియాటా కన్నా తక్కువ. ఐదు సీట్లు, 265 లీటర్ల డిక్కీ. ముందు చక్రాలతో నడిచే ఆ కారు మియాటా కాదు, నిజమే. అయినా అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్ రోడ్డులో గేర్లు మార్చుకుంటూ దాన్ని నడిపినవాళ్లకి, రెండు టన్నుల బండిలో వెళ్లినవాళ్లకన్నా ఆ రోడ్డు బాగా గుర్తుంటుంది.

అమ్మకుండా రెండో కారు కొనడం మూడో దారి. స్పోర్ట్స్ కారు అప్పటికే పాతదై, అప్పు తీరిపోయి, చోటుంటే ఇదే మేలు. పదేళ్ల మియాటా అమ్మితే వచ్చే డబ్బుతో కొత్త ఇంటి బండిలో సగం కూడా రాదు. తక్కువగా నడిపే ఇష్టమైన కార్లకి అమెరికాలో ముందే ఒప్పుకున్న విలువ మీద ప్రత్యేక బీమా ఇస్తారు, రోజువారీకి వేరే కారు ఉండాలని, గ్యారేజీలో పెట్టాలని షరతులుంటాయి. జపాన్‌లో నగరాల్లో కారు రిజిస్టర్ కావాలంటే పార్కింగ్ చోటుందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తేవాలి, కాబట్టి రెండో కారంటే రెండో చోటు. హైదరాబాద్ ఫ్లాట్లలోనూ మామూలుగా ఒక ఫ్లాటుకి ఒకే స్లాటు. సెల్లారులో ముసుగేసి ఆర్నెల్లు వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకవైపు చదునవుతాయి, పెట్రోలు పాడవుతుంది. వారానికోసారైనా బయటికి తీయలేనివాళ్లు దాన్ని నడిపేవాళ్లకి ఇవ్వడమే ఆ కారుకి మర్యాద.

మిగిలింది మళ్లీ దొరుకుతుందా అన్నది. హోండా ఎస్2000 దీనికి బాధాకరమైన ఉదాహరణ. 1999 నుంచి 2009 దాకా తయారైంది. మొదటి రకం ఇంజిను నిమిషానికి 9,000 చుట్ల దాకా తిరిగేది. అమెరికాలో మొదట్లో ధర 32 వేల డాలర్లు. తక్కువ తిరిగినవి ఇప్పుడు కొత్తలో పెట్టిన ధరను దాటి పలుకుతున్నాయి. అప్పట్లో పిల్లల కోసం అమ్మిన తల్లిదండ్రులు, పిల్లలు కాలేజీకి వెళ్లాక మళ్లీ కొనాలంటే అప్పుడు వచ్చినదానికి రెట్టింపు పెట్టాల్సి రావచ్చు. చేతిగేర్ల కార్లది కూడా ఇదే దారి. గోల్ఫ్ జీటీఐ అమెరికాలో 2024 మోడల్ తర్వాత క్లచ్ పెడల్‌ను వదిలేసింది. తయారీ ఆగిపోయిన కారు చేతిలో ఉన్నవాళ్లు అమ్మే ముందు రెండుసార్లు ఆలోచించాలి, చోటు అద్దెకు తీసుకునైనా ఉంచుకోవాలి. ఇంకా తయారవుతున్న కారు ఉన్నవాళ్లు నిశ్చింతగా అమ్మి, పిల్లలు ముందు సీటుకి ఎదిగేదాకా ఆగవచ్చు.

మియాటావాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. ముప్ఫై ఐదేళ్లు దాటినా ఆ కారు ఇంకా కొత్తగా వస్తూనే ఉంది, పాతవి వేలల్లో తిరుగుతున్నాయి. మజ్దా 2017లో మరో నిర్ణయం ప్రకటించింది. జపాన్‌లో ఉన్న మొదటి తరం కార్లను యజమానుల నుంచి తీసుకుని హిరోషిమాలో విప్పి, రంగు వేసి, కొత్తదానిలా తిరిగి అప్పగించే సేవ. 2018లో మొదటి కారు పూర్తయింది. దాని కోసం ఎప్పుడో ఆగిపోయిన టాపు బట్టను, చెక్క స్టీరింగ్‌ను, ఆనాటి కొలతల టైర్లను సైతం మళ్లీ తయారుచేయించారు.